ఎదురుగా ఒకడుండాలి

ఆయన అసలు పేరు ఆయన భార్యకూ, కరెంటు బిల్లుకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. వీధి వీధంతా ఆయన్ని విప్పిచూడు అనేది. దూది పరుపులు కుట్టడం ఆయన పని. కొనడానికి వచ్చినవాళ్ళు పరుపు మీద చెయ్యేసి నొక్కి, "లోపల దూది మంచిదేనా?" అని అడిగితే చాలు, మూరెడు కత్తెర తీసి వాళ్ళ చేతికిచ్చి, "అనుమానమెందుకు, విప్పి చూడు" అనేవాడు. నిజంగా విప్పినవాడు ఒక్కడూ లేడు. అంత కత్తెర చేతిలోకి వచ్చాక మనిషికి విప్పాలనిపించదు, డబ్బిచ్చి ఇంటికి పోవాలనిపిస్తుంది.

ఆయన దగ్గర ఇంకో మాట కూడా ఉండేది. "నేను మీకోసం పరుపు కుట్టడం లేదండీ. నాకోసమే కుట్టుకుంటున్నాను. పడుకునేది మాత్రం మీరు." ఇదే మాట ఇంకెవరన్నా అంటే జనం మొహం చిట్లించేవారు. ఈయన అంటే మాత్రం నమ్మకం కుదిరేది. 'సదా మీ సేవలో' అని బోర్డు పెట్టుకున్న మందుల షాపులో మందుబిళ్ళలు రెండుసార్లు సరిచూసుకునే మనుషులు, విప్పిచూడు కొట్లో కాళ్ళు బారచాపుకుని కూర్చునేవారు. తన లాభం తను చూసుకుంటానని మొహం మీదే చెప్పేవాడు ఇంక కొత్తగా దాచేదేముంటుందని వాళ్ళ ధీమా.

ధీమా బాగానే ఉంది గానీ, దానికి చెప్పుకున్న కారణం తప్పు. విప్పిచూడు మంచి దూది కూరడానికి అసలు కారణం వీధికి అవతలి పక్కన కూర్చుని ఉండేది.

అవతలి పక్క ఇంకో పరుపుల కొట్టు. అందులో ఇంకో మనిషి. విప్పిచూడు ఇంట్లో ఆ మనిషిని ఎదుటాయన అనేవారు, ఆయన భార్యను ఎదుటావిడ అనేవారు. వాళ్ళింట్లో వీళ్ళనేమనేవారో తెలియదు, బహుశా అదే అయుంటుంది. ఇద్దరూ ఎదురెదురుగా బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పరుపు అంచు పెట్టుకుని, దబ్బనంతో కుడుతూ ఉండేవారు. మెడ నొప్పెట్టి తలెత్తితే ఎదుటివాడి మొహమే కనపడేది. అలా ఇరవై ఏళ్ళు, ఒక్క పలకరింపు లేకుండా. ఉప్పూ నిప్పూ అంటారు గానీ, ఉప్పు నిప్పులో పడితే చిటపట అనైనా అంటుంది. వీళ్ళ మధ్య అదీ లేదు.

మాటల్లేవు గానీ రాకపోకలు మాత్రం ఉండేవి, పరుపుల ద్వారా. దూది పరుపు కొన్నేళ్ళు పడుకున్నాక అట్టకడుతుంది. అప్పుడు దాన్ని విప్పి, లోపలి దూది మళ్ళీ ఏకి, తగ్గింది కలిపి కుట్టాలి. ఆ పనికి జనం ఒక పద్ధతి పెట్టుకున్నారు. విప్పిచూడు కుట్టినదాన్ని విప్పిచూడు దగ్గరికి తెచ్చేవారు కాదు, ఎదుటాయన దగ్గరికి తీసుకెళ్ళేవారు. ఎదుటాయన కుట్టినదాన్ని ఇక్కడికి తెచ్చేవారు. తను కుట్టిన పరుపులో లోపముందని ఎవడు మాత్రం చెప్పుకుంటాడు? పక్కవాడైతే అడక్కుండానే చెబుతాడు.

నిజంగానే చెప్పేవాడు. ఎదుటాయన పరుపు చేతికి దొరికిందంటే విప్పిచూడు దాన్ని కొట్లో విప్పేవాడు కాదు. వీధి మధ్యకు మోసుకొచ్చి పరిచేవాడు. కుట్లు తెంచి, భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు దూది పీకి వెలుతురుకు పట్టి, "చూడండమ్మా, చూడండి! గింజైనా తియ్యలేదు! దీని మీదేనా పాపం మీ పిల్లలు పడుకుంటున్నారు?" అని వీధి చివరి దాకా వినపడేలా అరిచేవాడు. వారం తిరక్కుండా ఆయన పరుపు ఒకటి అవతలి పక్కన పొట్ట తెరుచుకుని పడి ఉండేది, ఎదుటాయన గొంతు లేచేది. ఆ అరుపులకు జడిసే ఇద్దరూ ఒక్కో గింజా ఏరి దూది కూరేవారు. ఊరి జనం మెత్తగా నిద్రపోయేవారు. ఇందులో ఎవరి పుణ్యమూ లేదు.

ఒకరోజు ఎదురు షట్టరు లేవలేదు. పరుపు ఎత్తబోతుంటే ఎదుటాయనకు నడుం పట్టేసిందని, డాక్టరు కదలొద్దన్నాడని విప్పిచూడు భార్య కబురు మోసుకొచ్చింది. "అయ్యో" అన్నాడు విప్పిచూడు. దాచడమెందుకు, ఆయన సంతోషించాడు. పక్కలో బల్లెం దానంతటది ఊడి పడినంత హాయిగా ఉంది. ఆ పూట మారన్నం పెట్టించుకుని తిన్నాడు.

జనమంతా ఇటే వచ్చారు, వేరే దారి లేదు గనక. రేటు కొంచెం పెంచాడు. "ఇంతేంటండీ, ఎదురుగా ఇంకా తక్కువకే..." అంటూ అలవాటుగా వెనక్కి తిరిగి చూసేవారు, షట్టరు చూసి మళ్ళీ ఇటు తిరిగేవారు. అలా వాళ్ళ మెడ తిరిగి వచ్చేంతసేపూ విప్పిచూడు చిరునవ్వుతో ఆగేవాడు.

పాత దూది కూరడం మాత్రం మొదటిసారి అనుకోకుండానే జరిగింది. కొత్త దూది బస్తా రావడం ఆలస్యమైంది, పరుపేమో ఆ సాయంత్రానికే కావాలి. ఏకడానికి వచ్చిన పరుపుల్లోంచి మిగిలిన పాత దూది మూలన కుప్పగా ఉంది. అందులోంచి గుప్పెడు తీసి మధ్యలో పెట్టి, పైనా కిందా కొత్తది పరిచాడు. కుడుతూ కుడుతూ తలెత్తి ఎదురుగా చూశాడు. షట్టరు కనపడింది. అప్పుడు ఆయనకొక సంగతి తట్టింది. ఈ పరుపు ఎన్నేళ్ళకు విప్పాల్సి వచ్చినా ఇక తన దగ్గరికే వస్తుంది. విప్పేదీ తనే, చూసేదీ తనే, చెప్పేదీ తనే.

ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. గుప్పెడు చారెడైంది, చారెడు సగమైంది. ఏకడానికి వచ్చిన పరుపుల్లోంచి 'మిగలడం' కూడా ఎక్కువైంది. ఆ తర్వాత నూలు మిల్లు వాళ్ళు ఊడ్చి పారేసే చెత్త చౌకగా దొరుకుతుందని తెలిసింది. తెలిశాక ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

పరుపు గుడ్డలు కుట్టేది ఆయన భార్య. కూరినవాటిని గోడకు నిలబెట్టేది కూడా ఆవిడే.

"ఏమండీ, ఈ పరుపు ఎత్తుతుంటే చెయ్యి లాగేస్తోందేంటి?"

"కొత్త దూది. బలంగా ఉంటుంది."

"ఇన్నేళ్ళూ బలం లేని దూది కూరారా మరి?"

"నేనేం దాచానే? నాకోసమే కుట్టుకుంటున్నానని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాగా."

"చెబుతూనే ఉన్నారు, కాదనను. అప్పుడు మీకోసం మంచిగా కుట్టుకున్నారు, ఇప్పుడు మీకోసం చెత్తగా కుట్టుకుంటున్నారు. మీరేం మారలేదు. ఎదురుగా షట్టరు దిగింది, అంతే."

ఆడవాళ్ళకు వ్యాపారం తెలియదని విప్పిచూడు మనసులో అనుకున్నాడు. పైకి అనలేదు, పరుపు గుడ్డలు ఇంకా చాలా కుట్టాల్సి ఉన్నాయి.

అలాంటి రోజుల్లో ఒక అమ్మాయి వచ్చింది. ఒంటి మనిషికి సరిపడా పరుపు కావాలంది. "పేషెంటుకండీ. ఎక్కడా గడ్డలుండకూడదు, సమంగా ఉండాలన్నారు డాక్టరుగారు" అని, చెప్పిన రేటుకు మారుమాట లేకుండా డబ్బిచ్చి, బండివాడికి ఇల్లు గుర్తులు తను చెబుతానని వెళ్ళిపోయింది. బేరమాడని మనిషంటే విప్పిచూడుకు చులకన. పైగా మంచాన పడ్డవాడు అటూ ఇటూ దొర్లుతాడా, దూకుతాడా? అడుగున మిల్లు చెత్త, మధ్యలో పాత దూది, పైన మర్యాదకు ఒక్క పొర కొత్తది వేసి కుట్టి పంపించాడు.

కొన్నాళ్ళకు భార్య కూరల సంచీతో వచ్చి, సంచీ కింద పెట్టకుండానే అడిగింది. "పేషెంటుకని పరుపు తీసుకెళ్ళిన పిల్ల ఎవరో తెలుసా?"

"ఎవరు?"

"ఎదుటాయన మేనకోడలు."

విప్పిచూడు కత్తెర గుడ్డ మధ్యలోనే ఆగిపోయింది. ఊరంతటికీ అబద్ధం చెప్పి నెగ్గుకురావచ్చు, ఎదుటాయన వీపుకు చెప్పలేం. ఆయన చెయ్యి దూర్చి చూడక్కర్లేదు, ఒకసారి వెల్లకిలా పడుకుంటే చాలు. ఇంక ఆ పరుపు వీధి మధ్యకు రావడమే తరువాయి. బండి చప్పుడైనప్పుడల్లా విప్పిచూడు కొట్టు గుమ్మంలోకి పరిగెత్తేవాడు. బండి వెళ్ళిపోయేది. రోజులు గడిచాయి, ఎదుటాయన ఇంటినుంచి కిమ్మన్న మాట లేదు. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. ఎవరితోనూ చెప్పుకోలేడు, తిట్టు పడకుండా ఉండలేడు. అన్నం ముందు కూర్చుని లేచిపోతుంటే భార్య చూస్తూ ఊరుకుంది.

ఈలోగా ఒక టై కట్టుకున్న మనిషి టేపు పట్టుకుని వచ్చి ఎదురు కొట్టు కొలిచి వెళ్ళాడు. రబ్బరు పరుపుల కంపెనీ వాళ్ళు అద్దెకు తీసుకుంటున్నారట. విప్పిచూడుకు భయం పట్టుకుంది. బేరాలు పోతాయని కాదు, ఆ మాట ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. రబ్బరు పరుపును విప్పేవాడుండడు, చూసేవాడుండడు, పాడైతే పారేయడమే. రేపు ఎదురుగా కూర్చోబోయేవాడికి దూదికీ కొబ్బరి పీచుకూ తేడా తెలియదు. ఇక జన్మలో తన పరుపు వీధి మధ్యకు రాదు. గుప్పెడుతో మొదలైనవాడు ఇంత తక్కువ రోజుల్లో మిల్లు చెత్త దాకా వచ్చాడంటే, ఇంకొన్నేళ్ళకు ఎక్కడ తేలతాడో ఆయనకు స్పష్టంగా కనపడింది. అప్పటికి తను కాబోయే ఆ మనిషి ఆయనకు నచ్చలేదు.

కత్తెర పక్కన పెట్టి, చొక్కా మార్చుకుని, ఎదుటాయన ఇంటికి వెళ్ళాడు.

చిన్న గది. కిటికీ గట్టు మీద మందు సీసాలు. గోడ పక్కన చాప, చాప మీద ఎదుటాయన. పడుకుంటే మనిషి సగమయ్యాడు. మూలన చుట్టి నిలబెట్టిన పరుపు చూడగానే విప్పిచూడుకు తన కుట్టు తనకు కనపడింది.

"రండి" అన్నాడు ఎదుటాయన. ఇరవై ఏళ్ళలో మొదటి మాట అది. "కుర్చీ లేదు. ఆ పరుపు పరుచుకుని కూర్చోండి."

విప్పిచూడు పరుచుకుని కూర్చున్నాడు. కిందనుంచి గడ్డ పొడిచింది. కొంచెం జరిగాడు. అక్కడ ఇంకోటి ఉంది.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"నాకూ అలాగే ఉంది. అందుకే చాప మీద పడుకున్నాను."

ఇంకోసారి జరిగినా గడ్డే తగిలింది. తర్వాత విప్పిచూడు, "మీకని తెలియదండీ" అన్నాడు.

"తెలిస్తే మంచి దూది కూరేవారు."

"కూరేవాణ్ణే."

"నా మీద ప్రేమతోనా?"

"భయంతో."

"ఆఁ, అలా చెప్పండి" అన్నాడు ఎదుటాయన, మొహంలో నొప్పి కొంచెం తగ్గినట్టుంది. "మధ్యలో ఉన్న దూది నాదేనండోయ్. మా మేడమీద ఉండే లెక్కల టీచరమ్మగారికి కుట్టిన పరుపులోది. బూరుగు దూది కలిపాను, మూల కుట్టు విప్పి చెయ్యి పెడితే తెలియకపోతుందా? ఆవిడకు తిరిగిచ్చిన పరుపు ఎంత పలచనైందో పాపం."

విప్పిచూడు తల దించుకున్నాడు. సిగ్గేసింది. ఇరవై ఏళ్ళుగా ఈయన చేత వీధిలో తిట్టించుకున్నా ఒక్కసారి కూడా వెయ్యని సిగ్గు అది.

"మరి వీధిలో పరిచి ఎందుకు చూపించలేదు?"

"చూపిస్తే నాకేమొస్తుంది? మీ కొట్టు పడిపోతుంది, పరుపుల కోసం ఈ వీధికి రావడమే మానేస్తారు జనం. రేపు నేను లేస్తే ఎవరికోసం షట్టరెత్తాలి? మీ మీద జాలిపడ్డాననుకునేరు. నాకోసమే ఊరుకున్నాను."

తన మాట ఇంకొకరి నోట వినడం విప్పిచూడుకు అదే మొదటిసారి. తను అంటున్నప్పుడు ఉన్నంత అందంగా లేదు.

"లేస్తే అంటున్నారు, మరి కొట్టు రబ్బరు వాళ్ళకిస్తున్నారటగా?"

"వంగొద్దన్నాడు డాక్టరు. వంగకుండా పరుపు కుట్టడమెలాగో మీరు చెప్పండి. కనీసం అద్దైనా వస్తుంది."

"ఇవ్వకండి."

"ఎందుకూ? మీకేంటి నష్టం?"

విప్పిచూడు పరుపు అంచు కుట్టును గోటితో గీరుతూ కూర్చున్నాడు. చివరికి, "మీరు ఎదురుగా లేకపోతే నేను మంచివాణ్ణి కానండీ" అన్నాడు. అన్నాక ఆయనకే ఆ మాట వింతగా ఉంది. గబగబా మిగతాది చెప్పేశాడు. "మీరు కుట్టక్కర్లేదు. కుట్టడానికి మనిషిని పెట్టుకోండి. మీరొచ్చి ఎదురుగా బల్ల మీద పడుకోండి, చూస్తూ ఉండండి చాలు. నావి విప్పండి, తిట్టండి. మీకోసం అడగట్లేదు, నాకోసమే అడుగుతున్నాను."

"విప్పాలన్నా వంగాలిగా?"

"నేను విప్పుతాను" అంది ఎదుటావిడ. తలుపు దగ్గర మంచినీళ్ళ గ్లాసుతో ఎప్పటినుంచి నిలబడిందో. "ఈయన కూరిన దూదంతా ఏకింది ఎవరనుకున్నారు అన్నయ్యగారూ? అరవడం ఒక్కటే ఈయన పని."

ఎదుటాయన ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. ఈమధ్య అమ్మినవన్నీ తను షట్టరెత్తే లోపల విప్పిచూడు వెనక్కి తెచ్చుకుని బాగుచేసుకోవాలి, టీచరమ్మ దూది టీచరమ్మకు చేర్చాలి. లేకపోతే అవే మొదట వీధిలో పడతాయి, ఇద్దరి కొట్లూ వాటితోనే పోతాయి.

మంచి పని మొదలుపెట్టడం సులభమే, ఎదుటివాళ్ళను నమ్మించడమే కష్టం. విప్పిచూడు ఇంటింటికీ వెళ్ళి, "మీ పరుపు ఇవ్వండి, మళ్ళీ కొత్తగా కూరి ఇస్తాను, డబ్బులొద్దు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వని మనిషి ఊరికే చేస్తాననేసరికి జనం గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. "ఊరికే ఎందుకండీ? లోపల ఏమన్నా దాచి మర్చిపోయారా?" అని అడిగాడు మందుల షాపాయన. ఆ అనుమానం సాయంత్రానికల్లా వీధి దాటింది. పరుపులో బంగారముందని ఒకరు, కాదు ఎవరివో ఆస్తి కాగితాలున్నాయని ఒకరు. ఒక ఇంట్లో మామ్మగారు పరుపు దిగి బాత్రూముకు వెళ్ళడం కూడా బాగా తగ్గించారట. ఒక్క పరుపూ తిరిగి రాలేదు.

ఎదురు షట్టరుకు నూనె వేస్తున్నారు. ఇంక ఆగితే లాభం లేదని విప్పిచూడు మళ్ళీ మందుల షాపు మెట్లెక్కాడు. "బంగారం లేదు, పాడూ లేదు. మీ పరుపులో చెత్త కూరాను. ఎదుటాయన లేడుగా అని కూరాను. ఇప్పుడాయన వస్తున్నాడు, విప్పితే నా పరువు పోతుంది. మీ సుఖం కోసం కాదు, నాకోసమే అడుగుతున్నాను, ఇచ్చెయ్యండి."

మందుల షాపాయన మొహం విప్పారింది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు. తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టడం అయ్యాక పరుపు చుట్టి ఇచ్చాడు. అన్ని ఇళ్ళలోనూ అదే వరస. టీచరమ్మ మాత్రం తిట్టలేదు, తన ఎదురుగా తూకం వేయించుకుంది. మామ్మగారు ముందు పరుపంతా తనే విప్పి చూసుకుని, బంగారం లేదని తేలాక ఇచ్చారు. కొందరు మళ్ళీ ఎప్పటికీ ఆయన కొట్టు మెట్లెక్కలేదు. వాళ్ళ తప్పేమీ లేదు. ఎదురు షట్టరు మూసి ఉన్న కాలమంతా సంపాదించింది మంచి దూదికే సరిపోయింది, ఆయనా భార్యా దూది ఏరుతూ, ఏకుతూ, దగ్గుతూ గడిపారు. అన్నిటికంటే చివర ఎదుటాయన పరుపు కుట్టాడు.

షట్టరెత్తిన ఉదయం ఎదుటాయన్ని చేతుల మీద తెచ్చి బల్ల మీద ఒత్తిగిలి పడుకోబెట్టారు. విప్పిచూడు ఆ పరుపును తనే భుజాన వేసుకుని వచ్చి, ఆయన కొట్లో కాదు, వీధి మధ్యలో పరిచాడు. జనం ఆగారు. ఎదుటావిడ కొంగు బిగించి, కత్తెర తెచ్చి, కుట్లు తెంచింది. భుజం దాకా చెయ్యి దూర్చింది. లోపల ఆ చెయ్యి తిరుగుతున్నంతసేపూ విప్పిచూడు ఆవిడ మొహమే చూస్తున్నాడు. ఆవిడ అడుగునుంచి గుప్పెడు పీకి వెలుతురుకు పట్టింది.

"దూది మంచిదే" అంది, పక్కవాళ్ళకు మాత్రమే వినపడేలా. తర్వాత గొంతు లేచింది. ఎదుటాయన గొంతు ఆ గొంతు ముందు దిగదుడుపు. "ఏకడం చూడండమ్మా, ఏకడం! రోగిష్టి మనిషి పడుకునే పరుపా ఇది? ఇరవై ఏళ్ళుగా కుడుతున్నారట, దూది విడదీయడం చేతకాలేదు!"

"ఇంకొంచెం గట్టిగా" అన్నాడు బల్ల మీదినుంచి ఎదుటాయన. "వీధి చివరికి వినపడలేదు."

విప్పిచూడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దూది పడిందని చెప్పుకోవచ్చు గానీ, పడలేదు. చాలా సంతోషంగా ఉంది ఆయనకు. "గింజ దొరికిందా? గింజ దొరికితే చూపించండి!" అని తనూ వీధి చివరికి వినపడేలా అరిచి, కొట్లోకి వచ్చి కూర్చుని, ఒళ్ళోకి కొత్త పరుపు లాక్కున్నాడు.

కుడుతూ తలెత్తాడు. అవతలి పక్క బల్ల మీదినుంచి ఎదుటాయన కళ్ళార్పకుండా చూస్తున్నాడు. విప్పిచూడు చేతిలోని దూదిని మరోసారి విడదీసి చూసుకున్నాడు. గింజ ఒకటి కనపడింది. ఏరి పారేశాడు.